నకిలీ మెమరీ కార్డుకు బహిరంగ లేఖ

వంటి మీద 128 జీబీ అని అచ్చేయించుకుని తిరిగే నకిలీ మెమరీ కార్డూ,

నీ మీద నాకు కోపం. దాచుకోదలచుకోలేదు. మూలపడిన లాప్‌టాప్‌లను మళ్ళీ పనిలో పెట్టడం నాకు ఇష్టమైన పని. అందులో నువ్వు అడ్డం పడ్డంతగా ఇంకేదీ అడ్డం పడలేదు.

2003, 2004 నాటి లాప్‌టాప్‌లకు కీబోర్డు ఇప్పటివాటి కన్నా గట్టిది, తెరా బాగానే ఉంటుంది. పోయేది హార్డ్‌డిస్కే. టకటక కొట్టుకుని ఆగిపోతుంది. ఆ పాత ఐడీఈ సాకెట్‌కి సరిపడే కొత్త డిస్కు దొరకడం గగనం. అందుకే 44 పిన్నుల అడాప్టర్‌లో మెమరీ కార్డు పెట్టి, డిస్కు ఉండే అరలో బిగిస్తాం. 32 బిట్ల డెబియన్ 12 ఎక్కించి, స్వాప్ తీసేసి, లాగ్‌లను ర్యామ్‌లోకి మళ్ళిస్తే కార్డు మీద రాతలు బాగా తగ్గుతాయి. తిరిగే భాగమే లేదు కనుక చప్పుడుండదు, కుదుపులకు భయమూ లేదు. వీడియోలకు పనికిరాకపోయినా తెలుగు టైపు చేసుకోవడానికి చక్కగా సరిపోతుంది.

మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారు అలాంటి లాప్‌టాప్ మీదే నాట్ల పాటలు ఎక్కిస్తున్నారు. పాడేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పక్కన కూర్చుని, చరణం చరణం అడిగి రాసుకొచ్చినవి. 16 జీబీ కార్డు చాలదని ఎవరో దాని బదులు నిన్ను వేసిచ్చారు. ఒక సాయంత్రం ఆయన టైపు చేసి, సేవ్ చేసి, మళ్ళీ తెరిచి చూసుకున్నారు. ఉంది. ర్యామ్‌లో ఇంకా మిగిలి ఉన్న కాపీ అది. తెల్లారి చూస్తే ఫైలు పేరుంది, సైజూ సరిగ్గానే ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు.

"నేనేమైనా తప్పు నొక్కానేమో చూడు నాయనా" అన్నారు ఫోన్లో. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. చేసింది నువ్వు, సంజాయిషీ ఆయనదా?

నీ గుట్టు తెలియనిదేమీ కాదు. ప్రతి కార్డులోనూ ఒక బుల్లి కంట్రోలర్ ఉంటుంది. కార్డులో ఎంత చోటుందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. 2013లో హ్యాంబర్గ్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ కొన్ని ఎస్‌డీ కార్డుల కంట్రోలర్‌లో తమ సొంత ప్రోగ్రామ్ నడిపించి చూపించారు. నిన్ను చేసినవాళ్ళు ఆ కంట్రోలర్‌కే అబద్ధం నేర్పారు. లోపల 8 జీబీ, పైకి 128. ఎనిమిది దాటి వచ్చినదాన్ని పారబోస్తావు, లేదంటే ముందు రాసినదాని మీదే రాసేస్తావు. ఎర్రర్ మాత్రం చూపించవు. నిండిపోయానని ఒక్క మాట చెప్పి ఉంటే మాస్టారు ఆ పూటకి ఆగిపోయేవారు, పాటలు దక్కేవి.

నిన్ను పట్టుకోవడానికి ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఎఫ్3రైట్ ఒక్కో జీబీ ఫైళ్ళతో కార్డంతా నింపుతుంది. ఎఫ్3రీడ్ వాటిని చదివి సరిచూస్తుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఇదే పని చేస్తుంది. గంటలు పడుతుంది, పట్టనీ. కొత్త కార్డు ఎంత పేరున్నదైనా ఈ పరీక్ష అయ్యాకే లాప్‌టాప్‌లోకి వెళ్ళాలి. నీ ఫలితంలో 'డేటా ఓకే' పక్కన ఏడు జీబీ చిల్లర ఉంది, మిగతాదంతా 'డేటా లాస్ట్' పద్దులో పడింది. నీకన్నా ఆ పాత 16 జీబీ కార్డే పెద్దది. మాస్టారి లాప్‌టాప్‌లో మళ్ళీ దాన్నే పెట్టాను.

ఉన్న ఎనిమిది జీబీ వరకే పార్టిషన్ చేసి నిన్ను వాడుకోవచ్చంటారు కొందరు. ఎఫ్3ఫిక్స్ అందుకోసమే ఉంది. నాకు మనసొప్పలేదు. ఎవరైనా కొత్తగా పార్టిషన్ చేసి ఫార్మాట్ కొట్టారంటే మళ్ళీ 128 అయి కూర్చుంటావు. కొన్నచోట తిరిగి ఇచ్చేస్తే డబ్బు వస్తుందనీ అన్నారు. ఇవ్వలేదు, నిన్ను ఇంకొకరికి అంటగడతారు. కత్తెరతో చిప్ మధ్యకు కత్తిరించి ఈ-వేస్ట్ సంచీలో వేశాను.