ధూళి లేపిన మనవాడు

మా బావమరిది పదిహేనేళ్లుగా పిల్లలకు షటిల్ నేర్పుతున్నాడు. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటూ గ్రీన్‌కార్డుకి అప్లై చేస్తున్నాడు, ఈబీ-వన్-ఏ దారిలో. ఆ గుమ్మం మీద ‘అసాధారణ ప్రతిభ’ అని రాసి ఉంటుంది. ఒలింపిక్ మెడల్ లాంటిదేదైనా ఉంటే సరే, లేదంటే పది అర్హతల్లో కనీసం మూడు చూపించాలి. చూపించాక కూడా, 2010 నాటి కజారియన్ తీర్పు పుణ్యమా అని, ఆఫీసరుగారు అన్నిటినీ కలిపి మళ్లీ తూకం వేస్తారు. పెళ్లిచూపుల్లో పాట పాడించి, నడిపించి, జడ కూడా చూసి ‘ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం’ అన్నట్టు.

ఉత్తరాలంటే గుర్తొచ్చింది. సిఫారసు ఉత్తరాల్లో సంతకాలు పెద్దవాళ్లవి, రాత మాది. ఇంగ్లీషు వచ్చుకదా అని నన్ను కూర్చోబెట్టారు. ఆరు ఉత్తరాల్లో ఆరు గొంతులతో ఒకే మనిషిని పొగడాలి. నాలుగోదానికే నా దగ్గర విశేషణాలు నిండుకున్నాయి.

ఇక పేపర్ కటింగులు. జిల్లా పేజీలో ఎప్పుడో ‘దుమ్ము రేపిన మనోడు’ అని వచ్చింది. తెలుగులో ఉంటే కుదరదు, ఇంగ్లీషులోకి మార్చి, పూర్తిగా, కచ్చితంగా అనువదించానని అనువాదకుడు రాసివ్వాలి. ఆ మహానుభావుడు కచ్చితంగానే చేశాడు: మనకు చెందిన వ్యక్తి ధూళిని లేపెను. చదివిన ఆఫీసరు కాలుష్యం కేసు అనుకోకపోతే అదే పదివేలు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆడటం వేరు, ఆడించడం వేరు. కొరియా బేస్‌బాల్ లీగ్ 1982లో మొదలైతే అందులో తొలి హోమ్‌రన్ కొట్టినవాడు లీ మాన్ సూ. 1984లో ట్రిపుల్ క్రౌన్ కూడా ఆయనదే. షికాగో వైట్ సాక్స్‌కి కోచ్‌గా వచ్చి గ్రీన్‌కార్డు అడిగితే, ఆటగాడిగా గొప్పవాడివే, కోచ్‌గా గొప్పవాడివని ఎవరన్నారు అన్నారు. 2002లో షికాగో కోర్టూ ఆ మాటే నిలబెట్టింది. మూడేళ్లకి, ఆయన కోచింగ్ బృందంలో ఉండగానే, ఆ జట్టు 88 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది.

అంతకుముందు అదే కోర్టు 1996లో స్టూ గ్రిమ్సన్ అనే కెనడా ఐస్ హాకీ ఆటగాడి పక్షాన నిలిచింది. ఈయన ప్రత్యేకత గోల్స్ కాదు, పిడిగుద్దులు. మంచు మీద అవతలివాడితో కలబడటమే జట్టులో ఆయన కొలువు. ఆ కొలువు లీగ్‌కి కావాలి కాబట్టి అందులో ఆయన అసాధారణుడేనని తేలింది. తన్నేవాడికి దొరికింది, నేర్పేవాడికి దొరకలేదు.

ఇప్పుడు కోచ్‌ల విషయంలో నిబంధన కాస్త సడలించారు. నిజం చెప్పాలంటే ఆడటం వేరు, ఆడించడం వేరు అనడంలో తర్కం లేకపోలేదు. ఒకే ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడిన ఆచ్రేకర్ సచిన్‌ని తయారుచేశాడు. గొప్పగా ఆడినవాళ్లంతా గొప్పగా నేర్పలేరు. నా గొడవల్లా తూకపు రాళ్లతోనే. మా వాడు ఎనిమిదేళ్ల పిల్ల మణికట్టు పట్టుకుని, ‘పట్టు వదులు తల్లీ, అది తలుపు గొళ్లెం కాదు’ అంటాడు. మరుక్షణం ఆ పిల్ల డ్రాప్ నెట్‌ని రాసుకుంటూ అవతల పడుతుంది. దీన్ని జెరాక్స్ తీయడం ఎలా?

పక్క అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు హ్యాకథాన్‌కి జడ్జీగా వెళ్లి ఒక అర్హత సంపాదించాడని తెలిసి, మా వాడూ సంక్రాంతికి ముగ్గులపోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాడు. సర్టిఫికెట్ తెచ్చాడు, లామినేషన్ కూడా చేయించాడు. ముగ్గు మీ రంగం కాదు కదండీ అన్నాడు లాయరు.

నిన్న రాత్రి ఫోన్. ‘బావా, నా మీద ఏదో రాస్తున్నావటగా? అచ్చయ్యాక కటింగ్ పంపు. శీర్షిక, తేదీ, రాసినవాడి పేరు స్పష్టంగా కనిపించాలట.’

తన పేరు ఎక్కడా రాయలేదని ఇంకా చెప్పలేదు.