ల్యాండ్ రోవర్‌కు ఆళ్లగడ్డలో చుట్టాలు

మాది నంద్యాల పక్కన ఆళ్లగడ్డ అంటే చాలు, హైదరాబాదులో ఎవరూ అహోబిలం గురించి అడగరు. "మీ వైపు సుమోలు నిజంగా గాల్లోకి లేస్తాయా?" అంటారు. సినిమావాళ్ల పుణ్యం! మేం చూసిన సుమోల్లో ఎక్కువ భాగం పెళ్లివాళ్లను ఎక్కించుకుని నేలమీదే నడిచాయి.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ల్యాండ్ రోవర్ డిఫెండర్ పిచ్చి పట్టింది. ఖరీదు కోటి రూపాయల మాట.

"కొండలెక్కే బండి మామా!"

"ఏ కొండ ఎక్కుతావురా?"

"ఆఫీసు దారిలో ఫ్లైఓవర్ ఉంది కదా!"

వాడు చెప్పని సంగతి ఒకటుంది. రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో తిప్పుకున్నది అమెరికా విల్లీస్ జీపును. అది చూసే ఆయనకు ల్యాండ్ రోవర్ ఆలోచన వచ్చింది. మొదటి నమూనాను కట్టింది కూడా జీపు ఛాసిస్ మీదే. యుద్ధం తర్వాత ఉక్కుకు రేషన్ కాబట్టి, మనం సిల్వర్ గిన్నెలనే వాటి లోహంతోనే ఒళ్లు చేసి, 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జనానికి చూపించారు. ఆ విల్లీస్ జీపునే ఇక్కడ మహీంద్రావాళ్లు బిగించి అమ్మారు. కాబట్టి అహోబిలంలో తిరిగే జీపు డిఫెండర్‌కు పెదనాన్న కొడుకు. 2008లో ల్యాండ్ రోవర్‌ను టాటాలు కొనేశాక సుమో కూడా ఆ ఇంటిదే అయింది. పాత డిఫెండర్ 2016 జనవరిలో, సుమో 2019లో రిటైరయ్యాయి. జీపు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

కోటి పెట్టే ముందు పెదనాన్న కొడుకును చూడమని మేనల్లుణ్ణి పావన నరసింహస్వామి దర్శనానికి తీసుకెళ్లాను. నల్లమల అడవిలో అది దారి కాదు, రాళ్ల రాశి. జీపుకు తలుపుండాల్సిన చోట గొలుసు. గేరు రాడ్డు మీది గుండు ఎప్పుడో ఊడిపోతే గుడ్డపీలిక చుట్టారు.

"అన్నా, ఇది ఫోర్ బై ఫోరేనా?" అన్నాడు మావాడు.

"ఫోర్ బై ఎయిట్ సామీ. ముందర నలుగురు, ఎనక ఎనిమిది మంది. ఇంగొకరు పడతారు, జరగండి."

"సీటు బెల్టు?"

"పక్కనోణ్ణి గట్టిగా పట్టుకో సామీ, ఏం గాదు!"

బండి ఒక బండ దిగి ఇంకో బండ ఎక్కినప్పుడల్లా వెనక సీట్లోంచి "నరసింహా!" అని కేకలు. అందులో భక్తి ఎంతో, భయం ఎంతో ఆ స్వామికే తెలియాలి. మావాడు నాస్తికుడు. రెండో వాగు దగ్గర వాడి గొంతే పెద్దగా వినబడింది. గుడి దగ్గర డ్రైవరు బానెట్ ఎత్తి, రేడియేటర్లో క్యాన్‌తో నీళ్లు పోసి, స్పానర్‌తో ఏదో ఒక నట్టు బిగించి, బీడీ ముట్టించాడు. సర్వీసు అయిపోయింది.

మీరూ వెళ్లండి. ఇడ్లీలు మాత్రం తిరిగొచ్చాక తినండి. ముందు సీటు దొరికిందని సంబరపడి గేరు రాడ్డు పక్కన కూర్చోకండి.