డెక్కుకు చెక్కా, ప్లాస్టిక్కా?

అమెరికా కాలనీల్లో ఇంటి వెనక, వంటింటి తలుపును ఆనుకుని, పలకలు పరిచిన వేదిక ఒకటి ఉంటుంది. దాన్ని డెక్ అంటారు. గోడలుండవు, కప్పుండదు కాబట్టి పెద్దగా ఖర్చు కాదని కట్టించబోయేవారు అనుకుంటారు. కట్టించినవారు అలా అనుకోరు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలోనైనా, న్యూజెర్సీ ఎడిసన్‌లోనైనా తెలుగు కుటుంబాల్లో డెక్ చర్చ ఒక ప్రశ్న దగ్గరే మొదలై, అక్కడే చాలాకాలం ఆగిపోతుంది. పైన వేసే పలక అసలైన చెక్క కావాలా, చెక్కపొడిని ప్లాస్టిక్‌తో కలిపి తీసిన కాంపోజిట్ కావాలా?

డెక్‌లో కంటికి కనిపించేది పలకే అయినా, బరువు మోసే సరంజామా అంతా దాని కిందే ఉంటుంది. చలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టే లోతును దాటి కాంక్రీటు పునాదులు వేస్తారు. వాటి మీద స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద సాధారణంగా 16 అంగుళాల ఎడంతో వాసాలు వస్తాయి. ఇంటి గోడకు బిగించే లెడ్జర్ అనే మందపాటి చెక్క దాదాపు సగం బరువు మోస్తుంది. కూలిన డెక్‌లలో తరచుగా తప్పు తేలేది దీని దగ్గరే. బోల్టులు బిగించాల్సిన చోట ఎవరో మేకులు కొట్టి చేతులు దులుపుకొని ఉంటారు. నేల నుంచి 30 అంగుళాల ఎత్తు దాటితే కనీసం 36 అంగుళాల రెయిలింగు ఉండాలి, దాని కడ్డీల సందుల్లో 4 అంగుళాల బంతి దూరకూడదు. బంతి అన్నది కొలతకే, భయమంతా పిల్లల తలకాయల గురించి.

సాధారణ నిబంధన ప్రకారం డెక్ చదరపు అడుగుకు 40 పౌన్ల బరువు మోయాలి. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న డెక్‌కు అది 7,680 పౌన్లు అవుతుంది. సత్యనారాయణ వ్రతానికి వచ్చినవారు ప్రసాదం పళ్లేలతో సహా ఈ లెక్కలో ఇమిడిపోతారు. అందరూ ఒకే తాళానికి వంగి, చప్పట్లు కొట్టి, అడుగేసే బతుకమ్మను మాత్రం నిబంధన రాసినవారు చూసి ఉండరు. ఆ పండగకు పచ్చిక నేలే క్షేమం.

చెక్కల్లో అన్నిటికన్నా చవకైనది మందు పట్టించిన పైన్. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెరిగే ఈ చెట్టులో చేవ తక్కువ. చిత్రమేమిటంటే, చేవ లేని తెల్ల చెక్కే మందును బాగా పీలుస్తుంది. పెద్ద ఉక్కు గొట్టంలో కలప పేర్చి, గాలి లాగేసి, రాగి కలిసిన ద్రావణాన్ని ఒత్తిడితో చెక్క లోపలికి ఎక్కిస్తారు. ఒకప్పుడు ఈ మందులో రాగి, క్రోమియంతో పాటు పాషాణం (ఆర్సెనిక్) కూడా ఉండేది. ప్రభుత్వ పర్యావరణ సంస్థతో కుదిరిన ఒప్పందం ప్రకారం 2003 చివరికి ఇళ్ల కలపలో దాని వాడకం ఆగింది. ఇప్పటి మందుల్లో రాగి పాలు ఎక్కువ. అది బూజుతో పాటు మామూలు మేకునూ తినేస్తుంది. అందువల్ల దట్టంగా జింకు పూత పట్టించిన స్క్రూలు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వాడాలి. వేల డాలర్ల కలప కొన్నవాడికి పొదుపు అనే మాట సరిగ్గా స్క్రూల వరుస దగ్గరే గుర్తుకొస్తుంది.

కొలతల సంగతి వేరే చెప్పాలి. దుకాణంలో అంగుళంపావు మందం, ఆరంగుళాల వెడల్పు అని అమ్మే పలకకు టేపు పెడితే మందం ఒక అంగుళం, వెడల్పు అయిదున్నర తేలుతుంది. రెండు బై ఆరు అనే వాసం నిజానికి ఒకటిన్నర బై అయిదున్నర. ఇందులో మోసం లేదు. రంపం కోసినప్పటి పేరు అలాగే నిలిచిపోయింది, చెక్క మాత్రం ఆరి, చిత్రికపట్టాక చిక్కిపోయింది. బంగారం కొట్లో తరుగు ఇచ్చుకోవడం అలవాటైన జాతికి ఇది పెద్ద వింతేమీ కాదు.

పైన్ కన్నా ఒక మెట్టు పైన సెడార్, రెడ్‌వుడ్ ఉంటాయి. వీటి చేవలోనే కుళ్లును ఆపే గుణం ఉంది, మందు అక్కర్లేదు. రంగూ వాసనా బాగుంటాయి. గట్టిదనం మాత్రం తక్కువ. కూతురింటికి ఆరు నెలల వీసా మీద వచ్చిన గోదావరి జిల్లా పెద్దాయన మొదటి రోజు సాయంత్రమే సెడార్ పలకను గోరుతో నొక్కి చూసి, "ఇదేం చెక్కండీ అల్లుడుగారూ, గోరు దిగబడిపోతోంది! ఈ దేశంలో టేకు దొరకదా?" అని అడిగి తీరతారు. టేకు దొరుకుతుంది, ధర చెబితే ఆయనే మాట మారుస్తారు. గోరు దిగని చెక్క కావాలంటే దక్షిణ అమెరికా ఈపే ఉంది. గట్టిదనం కొలిచే జాంకా పరీక్షలో సెడార్‌కు 350 వస్తే ఈపేకు 3,500 వస్తుంది. నీళ్లలో వేస్తే మునుగుతుంది. స్క్రూ వేసే ప్రతిచోటా ముందు రంధ్రం చేయాల్సిందే, ఆ పనిలో డ్రిల్లు బిట్లు వరసగా ప్రాణం వదులుతాయి. అడవుల నరికివేత వల్ల 2024 నవంబరు నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ ఒప్పందం నియంత్రణలోకి వచ్చింది. కాబట్టి ఈపే కొనేవారు బిల్లుతో పాటు కలప ఎక్కడిదో చెప్పే కాగితాలూ అడగాలి.

ఏ చెక్కకైనా శత్రువులు ఎండా వానా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలోని లిగ్నిన్‌ను విడగొడితే రంగు బూడిదవుతుంది. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, పలక అంచులు పైకి లేస్తాయి, పేళ్లు లేస్తాయి. బూట్లతో తిరిగే ఇళ్లలో ఈ పేళ్లు పట్టించుకోదగ్గవి కావు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచే తెలుగింట్లో అవి నేరుగా అరికాలికి పరిచయమవుతాయి. విరుగుడుగా రెండు మూడేళ్లకోసారి కడిగి, ఆరనిచ్చి, స్టెయిన్ అనే రక్షణ పూత పూయాలి. కొత్తగా మందు పట్టించిన పైన్‌కు వెంటనే పూయకూడదు. పలక మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడాలి. చుక్క గుండ్రంగా నిలబడితే లోపల ఇంకా తడి ఉందన్నమాట. కాసేపట్లో ఇంకిపోతే పలక సిద్ధం. పలక సిద్ధమయ్యేసరికి యజమాని సిద్ధంగా ఉండడు. స్టెయిన్ డబ్బా గరాజులో మూత తీయకుండానే గడ్డకట్టడం చాలా ఇళ్ల చరిత్రలో భాగం.

ఈ బద్ధకం మీదనే కాంపోజిట్ పరిశ్రమ నిలబడింది. దీనిలో ప్రధాన పేరు ట్రెక్స్. మోబిల్ కంపెనీలో ఒక విభాగంగా ఉన్న వ్యాపారం చేతులు మారి 1996లో ఈ పేరుతో విడిగా వెలిసింది. మిల్లుల్లో మిగిలిన చెక్కపొడి, వాడిపారేసిన పాలిథిన్ సంచులు, ప్యాకింగ్ పొరలు దీనికి ముడిసరుకు. వంటింటి సింకు కింద ఒక సంచిలో వంద సంచులు దాచే కుటుంబాలకు, ఆ సంచులే పలకలై వారంటీతో తిరిగి వస్తాయంటే ఎంతో ఊరట. తొలితరం పలకలకు పైపూత ఉండేది కాదు. లోపలి చెక్కపొడి తేమ పీల్చి బూజు పట్టేది, రంగు వెలిసేది, నూనె చుక్క పడితే మరక శాశ్వతం. 2010 నాటికి పలక చుట్టూ ప్లాస్టిక్ తొడుగు వేసే పద్ధతి వచ్చాక ఆ బాధలు చాలావరకు తగ్గాయి. ఇప్పుడు ఆవకాయ నూనె కారినా వెంటనే సబ్బు నీళ్లతో తుడిస్తే సరిపోతుంది. చెక్కపొడి అసలే లేని పీవీసీ పలకలు కూడా ఉన్నాయి. అన్నిటి మీదా చెక్క చారలు మాత్రం శ్రద్ధగా అచ్చువేస్తారు.

కాంపోజిట్‌కూ దోషాలున్నాయి. మొదటిది వేడి. మండుటెండలో, ముఖ్యంగా ముదురు రంగు పలక, చెక్క కన్నా ఎక్కువ కాలుతుంది. టెక్సస్ జులై మధ్యాహ్నం వట్టికాళ్లతో దాని మీద నిలబడటం సాధ్యం కాదు. ఇది గుమ్మడి వడియాలకు వరమే గానీ, వాటిని తిరగేసే అత్తగారికి శిక్ష. లేత రంగు ఎంచుకుంటే శిక్ష కొంత తగ్గుతుంది.

రెండోది సాగుడు. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బితే, కాంపోజిట్ వేడికి పొడవునా సాగుతుంది. 16 అడుగుల పలక చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య పావు అంగుళానికి పైనే తేడా చూపగలదు. అందుకే పలకల కొసల మధ్య ఎంత సందు వదలాలో కంపెనీ పట్టిక చెబుతుంది, బిగించే రోజు ఉష్ణోగ్రతను బట్టి అది మారుతుంది. పట్టిక చదవని మేస్త్రి చలిలో కొసలు ఆనించి బిగిస్తే, ఎండలకు పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

మూడోది వంగుడు. పైన్ కన్నా కాంపోజిట్ బరువెక్కువ, బిర్రు తక్కువ. పలకలు వాసాలకు ఐమూలగా వేస్తే వాసాలు 12 అంగుళాలకే రావాలి.

నాలుగోది నిప్పు. ప్లాస్టిక్ కరుగుతుంది. బొగ్గుల పొయ్యి నుంచి రాలిన నిప్పుకణిక, దీపావళి చిచ్చుబుడ్డి, ఒక్కోసారి పక్కింటి కిటికీ అద్దం నుంచి గురిపెట్టినట్టు పడే ఎండ కూడా పలక మీద ముద్ర వేసిపోతాయి. గృహప్రవేశ హోమం డెక్ మీద చేయించాలనుకుంటే ముందు ఇటుకలు పరవాలి. చెక్క మీద కూడా ఇటుకలే పరవాలి. చెక్క కరగదు గానీ, కాలుతుంది.

ధర విషయంలో పలకకు పలక చూస్తే కాంపోజిట్ పైన్‌కు రెట్టింపు పైమాటే. మొత్తం డెక్ చూస్తే తేడా అంత ఉండదు. పునాది, వాసాలు, కూలి, పర్మిట్ రెండింటికీ ఒకటే. పైన్ ఖర్చులో ఏళ్ల తరబడి కొనే స్టెయిన్‌నూ, దాన్ని పూయడానికి పోయే శని ఆదివారాలనూ కలపాలి. శని ఆదివారాలకు ధర కట్టే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి, ఈ లెక్క భార్యాభర్తల మధ్య తేలదు.

కాంపోజిట్ వైపు పడే చివరి తూకం రాయి వారంటీ. పాతికేళ్ల నుంచి యాభై ఏళ్ల దాకా ఇస్తారు. చిన్న అక్షరాలు చదివితే అది పలకకూ, రంగుకూ, మరకకూ వర్తిస్తుందని, పలక మార్చే కూలికి చాలాసార్లు వర్తించదని తెలుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆ యాభై ఏళ్ల పలక కూర్చునేది మందు పట్టించిన పైన్ వాసాల మీదే. స్క్రూ దిగిన ప్రతి రంధ్రంలోకీ నీళ్లు చేరితే ఆ వాసం పలక కన్నా చాలా ముందే చేతులెత్తేస్తుంది. వాసాల పైఅంచున బ్యూటైల్ టేపు అంటిస్తే ఆ నీళ్లు ఆగుతాయి. టేపు ఖర్చు డెక్ ఖర్చులో లెక్కలోకి రానంత, కానీ కంటికి కనిపించదు కాబట్టి దాన్ని అడిగేవారు తక్కువ. పలక రంగు కోసం నెల రోజులు వాదించుకున్న ఇంటివారు వాసాల గురించి మేస్త్రిని ఒక్క మాటా అడగరు. చివరికి కాలనీ సంఘం వారు ఆ రంగు కుదరదని ఉత్తరం రాస్తారు.

రెండు మూడేళ్లకోసారి బ్రష్ పట్టే ఓపిక నిజంగా ఉన్నవారికి మందు పట్టించిన పైన్ చాలు, సెడార్ అయితే మరీ మంచిది. ఆ ఓపిక లేదని ఒప్పుకోగలిగినవారికి లేత రంగు కాంపోజిట్ తగినది. డబ్బూ, కాగితాలూ సరిగా ఉన్నవారు ఈపే వేసుకోవచ్చు. ఏది వేసినా ఖర్చులో మొదటి వాటా లెడ్జర్ బోల్టులకు, రెండోది వాసాలకు, వాటి టేపుకు పోవాలి. పలక ఎంపిక ఆ తర్వాతే.