బ్రాంచి ఆఫీసు, బ్రాడీపేట

పిల్లలు అమెరికాలో, తామిక్కడ ఉన్న ముసలి దంపతుల మీద ఈమధ్య లోకానికి తెగ జాలి పుట్టుకొచ్చింది. వాట్సాప్ తెరిస్తే చాలు, ఖాళీ ఉయ్యాలబల్ల, దాని మీద ఓ కళ్ళజోడు, వెనకాల వేణునాదం. సభల్లో వక్తలు గొంతు జీరబోయేలా "పాపం, ఒంటరితనం" అంటారు. ఆ వక్తగారి అబ్బాయి కూడా న్యూజెర్సీలోనే ఉంటాడనుకోండి, అది వేరే సంగతి.

మా గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్ళి ఏ గేటు తట్టినా అలాంటి జంట ఒకటి కనిపిస్తుంది. నేను చూసినంతలో వాళ్ళకి కరువైంది తీరిక. కూర్చుని ఒంటరితనం గురించి బాధపడదామన్నా పది నిమిషాలు దొరకవు పాపం. మా ఎదురింటి బాబాయిగారినే తీసుకోండి. పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. శాలువా కప్పి, గోడగడియారం చేతిలో పెట్టి, "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి సార్" అని సాగనంపారు. మర్నాడే ఆయన రెండో ఉద్యోగంలో చేరారు. దీనికి అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు, జీతం లేదు, క్యాజువల్ లీవు లేదు, రిటైర్మెంటు అసలే లేదు. హెడ్డాఫీసు డాలస్ పక్కన ఫ్రిస్కోలో. బ్రాంచి బ్రాడీపేట నాలుగో లైనులో. బ్రాంచి మేనేజరు బాబాయిగారు. మిగతా సిబ్బంది అంతా పిన్నిగారు.

ఆఫీసు వేళలు హెడ్డాఫీసువే. వాళ్ళ వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. గుంటూరు జిల్లాలో ఈ రెండు ఆదివారాలతో ఎవరికీ పనిలేదు. పిన్నిగారికి మాత్రం ఏకాదశి మరిచిపోయినా అవి గుర్తుంటాయి. తపాలా శాఖ వారు ఇచ్చిన గడియారం హాల్లో డాలస్ టైము చూపిస్తూ ఉంటుంది. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు దాన్ని చూసి ఉలిక్కిపడి, మందు వేసుకోవడం మరిచిపోయామని పరుగెత్తిన సందర్భాలున్నాయి. మొన్న ఉన్నట్టుండి వాన పట్టుకుని మేడ మీద ఆరబోసిన గుమ్మడి వడియాలు తడిసి ముద్దయ్యాయి. ఆ సమయంలో పిన్నిగారు వరండాలో నిలబడి ఫోనులో కోడలితో, "సాయంత్రం మీకు వడగళ్ళ వానట, కారు లోపల పెట్టించమ్మా" అని చెబుతున్నారు.

బ్రాంచి అన్నాక తనిఖీ ఉండాలి కదా. గేటుకొకటి, హాల్లో ఒకటి, వంటింటి గుమ్మానికొకటి, మూడు కెమెరాలు. "మీ సేఫ్టీ కోసమే నాన్నా" అన్నాడు అబ్బాయి. పెట్టిన కొత్తలో పిన్నిగారు హాల్లోకి వచ్చినప్పుడల్లా కొంగు భుజం మీదికి లాక్కునేవారు. "చూసేది మీ అబ్బాయే కదా పిన్నీ" అంటే, "వాడొక్కడైతే ఫర్లేదు, పక్కన మా వియ్యపురాలు కూచుని ఉందిగా" అన్నారు. పనిమనిషి మాత్రం అసలు కిటుకు పట్టేసింది. ఓ రోజు చీపురు పక్కన పెట్టి, తిన్నగా కెమెరా కిందికి వెళ్ళి, తలెత్తి, "అబ్బాయిగోరూ, ఇంటన్నారా? రెండేళ్ళయింది అమ్మగారు జీతం పెంచి. మీరైనా ఓ మాట చెప్పాల" అంది. పై నెల నుంచి అయిదు వందలు పెరిగింది. హెడ్డాఫీసు ఉత్తర్వు. బ్రాంచిని సంప్రదించలేదు.

బాబాయిగారికి షుగరు. ఆయన లెక్కలు ఆయనకున్నాయి. నవంబరులో ఓ మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకి, అంటే డాలస్‌లో తెల్లవారుజామున మూడున్నరకి, లోకమంతా నిద్రపోతోందన్న ధైర్యంతో ఫ్రిజ్ తలుపు సందు మాత్రం తీసి తాపేశ్వరం కాజా ఒకటి బయటికి లాగారు. నోట్లో పెట్టుకోబోతుండగా గోడ మాట్లాడింది.

"నాన్నా, మొన్న ఫాస్టింగ్ ఎంతొచ్చింది?"

అబ్బాయికి ఆ రాత్రి ఆఫీసులో ఏదో ప్రొడక్షన్ ఇష్యూట, మేలుకుని ఉన్నాడు. బాబాయిగారు పాకం కారుతున్న చేత్తో గోడకేసి చూసి, "మీ అమ్మకి ఇద్దామని తీశాన్రా" అన్నారు. లోపల్నుంచి పిన్నిగారు, "నాకేం వద్దు" అన్నారు. ఇలాంటి చోట ఆవిడ ఎప్పుడూ మేనేజిమెంటు వైపే.

దీనితో పోలిస్తే ప్రభుత్వం ఎంతో నయం. పెన్షన్ కోసం ఏటా నవంబరులో ఒక్కసారి, బతికే ఉన్నారా అని అడుగుతుంది, అంతే. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలన్నారు. అరిగిపోయిన ఆయన వేళ్ళని మిషను గుర్తుపట్టనంది. 2021 నుంచి ముఖం చూపించినా ఒప్పుకుంటున్నారు. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి, ఫోను ఎదురుగా పట్టుకుని, "ఓసారి కళ్ళార్పండి సార్" అంటాడు. ఒకప్పుడు సెలవు చీటీ పట్టుకుని ఈయన బల్ల ముందు నిలబడ్డ కుర్రాడే. కళ్ళార్పారా, ఏడాది పాటు బతికున్నట్టు లెక్క. ఫ్రిస్కో లెక్క అలా కాదు. హాల్లో కాసేపు మనిషి అలికిడి లేకపోతే నాకు ఫోనొస్తుంది: "అన్నయ్యా, ఇంట్లో ఏం మూవ్‌మెంట్ లేదు, ఒక్కసారి చూసి రావా?" వెళ్ళి చూద్దును కదా, ఇద్దరూ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని పల్లీలు తింటున్నారు. ఏ కెమెరా కంటికీ చెవికీ అందని చోటు ఆ ఇంట్లో అదొక్కటే. సంసారం మొత్తం ఇప్పుడు అక్కడే జరుగుతోంది. పోట్లాటలు, రహస్యాలు, వియ్యాలవారి మీద వ్యాఖ్యానాలు, అన్నీ. బాబాయిగారికి శుక్లాల ఆపరేషన్ చేయించాలన్న తీర్మానం కూడా ఆ బండ మీదే జరిగింది. ఆపరేషనూ అయిపోయింది. నల్లద్దాలేంటి నాన్నా అని అబ్బాయి అడిగితే, "ఎండలు ముదిరాయి కదరా" అన్నారట. అది జనవరి.

అసలైన కొలువు రాత్రిపూట. అబ్బాయి బ్యాంకు ఖాతాకి జతైన ఇండియా నంబరు ఇంకా బతికే ఉంది. సిమ్ ఓ పాత బటన్ల ఫోనులో, ఫోను పూజగదిలో. భక్తి వల్ల కాదులెండి, సిగ్నల్ అక్కడే బాగుంటుంది. గడువు తప్పకుండా రీఛార్జి చేయించడం బాబాయిగారి బాధ్యత. చేయించకపోతే నంబరు ఎవరికో వెళ్ళిపోతుంది, దాంతోపాటు ఖాతా తాళంచెవీ వెళ్ళిపోతుంది. రాత్రి ఒంటిగంటన్నరకి పెద్ద ఫోను మోగుతుంది. "నాన్నా, ఓటీపీ!" కళ్ళజోడు దొరకదు. పిన్నిగారు టార్చి పట్టుకుంటారు. ఈయన పూజగదిలోకి వెళ్ళి, వచ్చిన సందేశాన్ని నలభై ఏళ్ళ సర్వీసు అలవాటు కొద్దీ మొదటినుంచీ చదువుతారు.

"ఇది ఎవరికీ చెప్పవద్దు, బ్యాంకువారికి కూడా, అని ఉందిరా."

"నాకు చెప్పు నాన్నా!"

"నాలుగు, ఏడు, సున్నా... తర్వాతది ఒకటో ఏడో... ఏమేవ్, టార్చి ఇటు పట్టు."

ఈలోగా గడువు దాటిపోతుంది. మళ్ళీ పంపిస్తాడు. రెండో విడతలో పని జరుగుతుంది. ఇంత హడావుడి దేనికా అంటారా? ఆ రాత్రి అబ్బాయి ఆ ఓటీపీతో కొన్నది అమ్మానాన్నలకి రెండు దిండ్లు. నిద్ర బాగా పడుతుందట వాటితో.

నీలం రంగు ఏరోగ్రాములు వచ్చిపోయే రోజుల్లో కౌంటరు వెనక కూర్చున్న మనిషి ఆయన. ఎవరింటి అబ్బాయి ఏ దేశం వెళ్ళాడో స్టాంపు చూసి చెప్పేవారు. లోపల ఏముందో మాత్రం ఏనాడూ చూడలేదు, చూడాలని అనుకోనూ లేదు. ఇప్పుడు కొడుకు ఉత్తరాలన్నీ విప్పే వస్తున్నాయి, బ్యాంకు సందేశాల రూపంలో. కిందటేడు ఆ బుల్లి తెర మీద వరసగా, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకి ముందే రద్దయిందని, ఆ వారమే ఇంకొకటని వచ్చాయి. అబ్బాయి రోజూ వీడియోలో ఇస్త్రీ చొక్కాతో కనిపిస్తూ, "ఆఫీసులో ఫుల్ బిజీ" అంటూనే ఉన్నాడు. ఉద్యోగం పోయిందని అతను చెప్పలేదు. వీళ్ళు అడగలేదు. గీజరు మార్పించాలన్న కోరిక పిన్నిగారు వెనక్కి తీసుకున్నారు, బాబాయిగారు రోజూ గోరువెచ్చని నీళ్ళు ఒంటికి మంచిదని కొత్త సిద్ధాంతం మొదలుపెట్టారు. నాలుగు నెలలకి మళ్ళీ డిపాజిట్ వేసినట్టు సందేశం వచ్చింది. ఆ రోజు గీజరు గురించి ఫోనులో గట్టిగా దెబ్బలాడారు.

ఇక ఎస్టేటు విభాగం. అబ్బాయి 2015లో తాడికొండ వైపు ఓ ప్లాటు కొన్నాడు. రాజధాని శంకుస్థాపన జరిగిన ఏడు కదా, ప్రతి ఆదివారం ఫొటో తీసి పంపమనేవాడు. 2019 తర్వాత రాజధాని మాట మూలపడడంతో ఆ ప్లాటు పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బాబాయిగారు మాత్రం ఏడాదికి రెండుసార్లు షేర్ ఆటోలో వెళ్ళి, కంపలో దారి చేసుకుని, సరిహద్దు రాళ్ళు నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి వచ్చేవారు. 2024లో రాజధాని మాట మళ్ళీ లేచింది, అప్పట్నుంచి మళ్ళీ ఫొటోలు కావాలంటున్నాడు, ఈసారి నాలుగు మూలల నుంచీ, వీలైతే డ్రోనుతో. దాన్ని అమ్మాలన్నా ఉంచాలన్నా సంతకం పెట్టాల్సింది ఇక్కడి మనిషే కాబట్టి జీపీఏ ఒకటి తయారైంది. హ్యూస్టన్‌లో మన కాన్సులేటు ముద్ర వేయించి పంపాడు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. ఆ మూడు నెలలూ బాబాయిగారు రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీదే కాపురమున్నారు. జీవితంలో ఎవరినీ సార్ సార్ అంటూ బతిమాలని మనిషి, కొడుకు ప్లాటు పుణ్యమా అని అటెండరుని కూడా సార్ అనడం నేర్చుకున్నారు.

ఎగుమతుల విభాగం పిన్నిగారిది. ఎవరు డాలస్ బయల్దేరుతున్నారని తెలిసినా మూడు కిలోల పార్శిలు తయారు. "మా వాడికి చిన్న డబ్బా" అంటారు. తీసుకెళ్ళేవాళ్ళు ఇరవై మూడు కిలోల పెట్టె తూకం వేసి, ఆ చిన్న డబ్బా కోసం తమ పెళ్ళి పట్టుచీర బయటికి తీసి పెట్టాల్సి వస్తుంది. ఓసారి అలాగే గోంగూర వెళ్ళింది, చీర గుంటూరులో ఉండిపోయింది. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటలు లేవు ఇప్పుడు.

విదేశీ డెప్యుటేషన్ సంగతి కూడా చెప్పాలి. కోడలికి నెలలు నిండుతున్నాయంటే రెండు వైపులా వియ్యాలవారికీ డ్యూటీ చార్టు వస్తుంది. విమానాశ్రయంలో ఇచ్చే గడువు మామూలుగా ఆరు నెలలే. అందుకని మొదటి ఆరు నెలలు వాళ్ళు, తర్వాతి ఆరు నెలలు వీళ్ళు. తలకి 185 డాలర్లు వీసా దరఖాస్తు రుసుం, వీసా ఇవ్వకపోయినా వెనక్కి రాదు. నానక్‌రామ్‌గూడ కాన్సులేటుకి వెళ్ళేముందు అబ్బాయి ఫోనులో రెండు వారాలు చదివించాడు. "మనవణ్ణి పెంచడానికి అనకు నాన్నా. నయాగరా చూడ్డానికి అను." ఈయనకి నీళ్ళంటే ఎంత ఇష్టమంటే, పక్కనున్న కృష్ణలో పుష్కర స్నానానికి కూడా వెళ్ళలేదు. వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నారు. వచ్చింది. వస్తే నూట ఎనిమిది చేయాలి. చేశారు, మోకాళ్ళు పోయాయి. అందుకే విమానాశ్రయంలో వీల్‌చెయిర్. మోకాళ్ళు బాగున్నవాళ్ళు కూడా అదే అడుగుతారు, నెట్టే మనిషి వెంట ఉంటే దోహాలో దారి తప్పమని. ఆ వరసలో చూస్తే సగం మంది మన జిల్లాలవాళ్ళే. అక్కడ ఆరు నెలలూ ఏం చేశారని అడిగితే బాబాయిగారు, "పార్కు బెంచీ మీద తెనాలి ఆయనతో గుంటూరు గురించి మాట్లాడాను" అన్నారు. నయాగరా చూడలేదు.

డిసెంబరులో వార్షిక ఇన్‌స్పెక్షన్. అబ్బాయికి మూడు వారాల సెలవు. మొదటి వారం నిద్రకి, రెండోది అత్తవారికి, మూడోది తిరుపతికీ పళ్ళ డాక్టరుకీ. మధ్యలో దొరికిన రెండు రోజుల్లో బ్రాంచి మొత్తం తిరగేశాడు. ఫ్రిజ్‌లో గడువు దాటిన ఇన్సులిన్ దొరికింది, స్టూలెక్కి బల్బు మార్చినట్టు సాక్ష్యం దొరికింది, పోయినేడు తను తెచ్చిన బీపీ మిషను సీలు తీయకుండా దొరికింది. పక్కనే అంతకుముందేడు తెచ్చినదీ ఉంది. అలాగే ఉంది అదీ. పనిమనిషి సాక్షిగా నిలబడి ప్రతి అంశానికీ "అవునండి బాబూ" అంది.

ఆ సాయంత్రం అబ్బాయి రంగుల పుస్తకం ఒకటి బల్ల మీద పెట్టాడు. హైదరాబాదు శివార్లలో పెద్దవాళ్ళ కోసమే కట్టిన అపార్ట్‌మెంట్లు. మూడు పూటలా భోజనం వాళ్ళే పెడతారు. పొద్దున యోగా, సాయంత్రం భజన, ఇరవై నాలుగు గంటలూ నర్సు. బాత్‌రూములో పట్టుకోవడానికి గోడకి కడ్డీలు. "మీరు ఇక ఒక్క పని కూడా చేసుకోనక్కర్లేదు నాన్నా. ఇద్దరూ హాయిగా ఉండొచ్చు" అన్నాడు. నిజంగా ప్రేమగానే అన్నాడు, కళ్ళు కూడా చెమర్చాయి. పిన్నిగారు గోంగూర వేసుకోవడానికి పెరడు ఉందా అని చూశారు. బొమ్మల్లో కనబడలేదు. బాబాయిగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, డిపాజిట్ ఎంతో, నెలకెంతో, అడుగున చిన్నక్షరాలతో సహా మొత్తం చదివి, ఒక్క సందేహం వెలిబుచ్చారు.

"అక్కడ సిగ్నల్ వస్తుందిరా?"

"ఫుల్ టవర్ నాన్నా. ముందు అదే చూశాను."