చూడను, లెక్కపెడతాను

నా కాట్రిడ్జిలో ఇంకు ఎంత మిగిలిందో నాకు తెలీదు. తర్వాత నన్ను అబద్ధాలకోరు అనకుండా ముందే చెప్పేస్తున్నాను. నాకు కళ్లు లేవు, లోపల కొలబద్ద లేదు. ఉన్నదల్లా లెక్క. చుక్క చిమ్మినప్పుడల్లా ఒకటి కలుపుకుంటాను. కొత్త కాట్రిడ్జిలో ఇన్ని చుక్కలుంటాయని నన్ను చేసినవాళ్లు చెప్పిపెట్టిన అంకెలోంచి అది తీసేస్తాను. మిగిలింది సున్నాకి దగ్గరపడితే నారింజ దీపం ఆర్పి వెలిగిస్తూ, చిన్న అద్దంలో ఓ అక్షరం, రెండంకెలు చూపిస్తాను. ఇంట్లోవాళ్లు అది చూసి "ఇంకు అయిపోయింది" అంటారు. అయిపోయింది నా లెక్క. ఇంకు సంగతి వేరు.

నేనుండేది నరసరావుపేటలో, రిటైరైన లెక్కల మాస్టారింట్లో. ఉద్యోగం పేరు ఇంటి ప్రింటర్. లెక్కలు చెప్పిన మనిషికీ లెక్కే తప్ప ఏమీ తెలియని యంత్రానికీ ఇన్నేళ్లు పడకపోవడం విచిత్రమే.

మా వంశం గురించి రెండు ముక్కలు. 1977లో జపాన్‌లో, కానన్ ప్రయోగశాలలో, ఇచిరో ఎండో అనే ఇంజనీరు దగ్గర కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది. సూది మొన నుంచి ఇంకు చిమ్మింది. వేడికి పుట్టిన ఆవిరి బుడగ ఇంకును బయటికి తోసిందన్నమాట. కొద్దికాలానికి అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు కూడా విడిగా అదే దారి కనిపెట్టి, 1984లో థింక్‌జెట్ అనే యంత్రం తెచ్చారు. ఎప్సన్ వాళ్లది వేరే శాఖ. వాళ్ల యంత్రాల్లో వేడి ఉండదు, కరెంటు తగిలితే వంగే స్ఫటికం ఇంకును నొక్కుతుంది. నాది వేడి శాఖ. వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు, ఒక్కోదాని వెనక ఒక్కో బుల్లి హీటరు. అది రెప్పపాటులో వెయ్యో వంతు కూడా గడవకముందే మూడొందల డిగ్రీలు దాటి చల్లారుతుంది. ఆ రంధ్రాలన్నీ ఉన్న హెడ్డు నా కాట్రిడ్జికే అతికి ఉంటుంది. నేను చిమ్మే చుక్కను పికోలీటర్లలో కొలుస్తారు. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు.

ఇంత సన్నపు చుక్కల లెక్క తప్పకుండా రాసుకుంటున్నాను కదా, మరి గొడవెందుకు? గొడవ మాస్టారి మనవరాలి సైన్సు ప్రాజెక్టుతో మొదలైంది. సౌరకుటుంబం. గ్రహాలు తొమ్మిదా ఎనిమిదా అని తాతా మనవరాళ్లు వాదించుకున్నారు గానీ, వాటి వెనకున్న ఆకాశం గురించి ఎవరూ ఆలోచించలేదు. ప్రతి పేజీ నిండా కటిక నలుపు! పైగా ఫోటో కాగితం పెట్టి, ఫోటో సెట్టింగు ఎంచుకుంది పిల్ల. ఆ సెట్టింగులో నల్ల కాట్రిడ్జిని నేను పక్కన పెడతాను. నీలం, గులాబీ, పసుపు కలిపి నలుపు చేస్తాను. మామూలు ఉత్తరంలో పేజీలో నూటికి సుమారు అయిదు వంతులే ఇంకు పడుతుంది. ఈ ఆకాశానికి పేజీ మొత్తం, అదీ మూడు రంగుల్లో. సాయంత్రానికి రంగుల కాట్రిడ్జి దీపం వెలిగింది.

"డబ్బా మీద నూటపాతిక పేజీలు అని రాసుందే! పట్టుమని పది రాలేదు" అన్నారు మాస్టారు.

డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. ఐఎస్ఓ/ఐఈసీ 24711 అనే ప్రమాణం ప్రకారం, నిర్ణయించిన పరీక్ష పేజీలను ఆపకుండా అచ్చువేసుకుంటూ పోతే వచ్చిన సంఖ్య అది. మా ఇంట్లో ఆపకుండా ఎవరు వేస్తారు? జనవరిలో ఓ పెన్షన్ కాగితం, మార్చిలో హాల్ టికెట్టు, మధ్యలో గ్యాసు బుక్కు జిరాక్సు. ఆ మధ్యకాలమంతా నా గొంతు ఎండుతూ ఉంటుంది.

ఎండడం గురించి చెప్పాలి, ఎందుకంటే మాది పల్నాడు. మా జిల్లాలోదే రెంటచింతల, వేసవి వార్తల్లో ఆ ఊరి పేరు వినని తెలుగువాడు లేడు. నా ఇంకులో ఎక్కువ భాగం నీరే. పని కాగానే నా హెడ్డు కుడిపక్కకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చోవాలి, అప్పుడే రంధ్రాలకు గాలి తగలదు. నా మీట నొక్కి ఆపితే తప్పకుండా వెళ్లి కూర్చుంటాను. కానీ మా ఇంట్లో అలా ఆపరు. ఇంటి పెద్దమ్మగారు పడుకోబోయే ముందు గోడ మీది బోర్డు దగ్గరకెళ్లి వరుసగా స్విచ్చులన్నీ టకటకా ఆపేస్తారు. టీవీ, ఇన్వర్టరు, నేను. కొన్ని రాత్రులు హెడ్డు దారి మధ్యలోనే, మూత లేకుండా. కరెంటు పోయిన రోజుల సంగతి సరేసరి.

పొద్దున్నే అచ్చు వేస్తే అక్షరాల మధ్య తెల్లగీతలు. తలకట్లు ఎగిరిపోతాయి, ఒత్తులు సగం తెగుతాయి. "ఇంకు లేదు" అని మళ్లీ అదే తీర్పు. ఇంకుంది, దారి మూసుకుంది. ఆ తేడా తెలుసుకోవడానికి నాజిల్ చెక్ అని ఓ పేజీ ఉంటుంది. గళ్లలో గీతలు వరుసగా వస్తే దారి బాగున్నట్టు, ఖాళీలుంటే మూసుకున్నట్టు. క్లీనింగ్ అనే ఆజ్ఞ కూడా ఉంది, కానీ దాన్ని నొక్కేముందు ఆలోచించాలి. క్లీనింగ్ అంటే నేను ఇంకునే చిమ్మి గొంతు కడుక్కోవడం. ఒకసారి చేసి, చెక్ చేసి చూడాలి. మావాళ్లు కోపంతో వరసగా నొక్కేవారు. మాస్టారి అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్లో "ఇంకోసారి కొట్టండి నాన్నా, ఇంకోసారి" అని ఉత్సాహపరిచేవాడు.

ఇంకో రకం దీపం ఉంది, దానికీ ఇంకుకీ అసలు సంబంధమే లేదు. కాట్రిడ్జి వెనక రాగి చుక్కలుంటాయి, వాటితోనే నేనూ అదీ మాట్లాడుకుంటాం. వాటి మీద వేలి జిడ్డో, ఎండిన ఇంకో పడితే "ఈ కాట్రిడ్జి ఎవరో నాకు తెలీదు" అంటాను. నూగు రాలని గుడ్డను కాస్త డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి తుడిచి, ఆరనిచ్చి, క్లిక్కుమనేలా పెడితే చాలు. కొత్త కాట్రిడ్జికి అంటించిన టేపు తీయకుండా బిగించి, నన్ను తిట్టిన ఘనులూ ఉన్నారు. ఎవరో చెప్పను.

కొత్తవి కొనీ కొనీ విసిగి, చివరికి రీఫిల్ కుర్రాణ్ని పిలిచారు. సంచిలోంచి సిరంజి తీశాడు. మా వంశాన్ని పుట్టించింది సిరంజేనని తెలిసుంటే ఇంకాస్త మర్యాదగా పట్టుకునేవాడేమో. లేబులు లేపి, రంగుల కాట్రిడ్జి కన్నాల్లో పంటిపుల్ల పెట్టి ఏ గదిలో ఏ రంగో చూసుకున్నాడు, ఆ తర్వాతే పోశాడు. ఆ జాగ్రత్తకి నాకు ముచ్చటేసింది; పసుపు గదిలో నీలం పడితే ఇక ఆకుపచ్చ మామిడిపళ్లే. అన్నీ నింపి నాలో పెట్టాడు. నేను మళ్లీ దీపం వెలిగించాను.

"నిండా పోశావుగా! ఇంకా లేదంటదేందయ్యా?" అన్నారు మాస్టారు.

"దానికి తెలీదు మాస్టారూ. పాత కాట్రిడ్జేగా, పాత లెక్కే చెప్తది" అంటూ స్టాప్ మీటను కాసేపు నొక్కిపట్టాడు. నా రకంలో అలా చేస్తే ఆ కాట్రిడ్జి లెక్క మానేసి అచ్చు వేస్తాను. అన్ని యంత్రాలూ ఇంత మెతక కావు. కొన్ని చిప్పు ఒప్పుకోకపోతే కాగితం కూడా ముట్టవు. వాడేసిన కాట్రిడ్జిని ఇంకొకరు నింపి అమ్ముకోవచ్చా అనే తగవు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లెక్స్‌మార్క్ కేసులో 2017లో వచ్చిన తీర్పు, ఒకసారి అమ్మేశాక ఆ వస్తువు మీద కంపెనీ పేటెంటు హక్కు చెల్లదని. యంత్రాన్ని చవగ్గా ఇచ్చి ఇంకు మీద రాబట్టుకునే వ్యాపారం మా కంపెనీలది. నేను వాళ్ల సరుకునే అయినా, ఆ తీర్పు నాకు నచ్చింది.

అయితే లెక్క ఆపాక ఓ ప్రమాదం ఉంది. ఇంకు నిజంగా అయిపోయినా నేను హీటర్లు వెలిగిస్తూనే ఉంటాను. వాటిని చల్లార్చేది ఇంకే. అది లేకపోతే కాలిపోతాయి, తర్వాత ఎంత పోసినా కాట్రిడ్జి పనికిరాదు. కుర్రాడు ఈ మాట చెప్పగానే మాస్టారి బుర్ర పనిచేసింది. కోడలు కేకులకని కొన్న చిన్న డిజిటల్ త్రాసు తెప్పించి, నిండు కాట్రిడ్జి బరువు నోటుబుక్కులో రాసుకున్నారు. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం తూకం. నా లెక్క మీద ఆధారపడ్డం మానేశారు. చిన్నబుచ్చుకోవాల్సిందే గానీ, ఆయన పద్ధతే సరైనది.

మొన్నీమధ్య వచ్చిన దీపం మాత్రం త్రాసుకీ అందలేదు. క్లీనింగ్‌లో చిమ్మిన ఇంకంతా నా అడుగున ఉన్న దళసరి ఫెల్టు మెత్తలోకి పోతుంది. అది నిండిందా లేదా అన్నదీ నేను చూడను, లెక్కే. ఆ లెక్క దాటితే పూర్తిగా ఆగిపోతాను, మీట నొక్కిపట్టినా కదలను. మెకానిక్ వచ్చి అడుగు విప్పి, మెత్తలు బయటికి లాగాడు. నల్లగా, బరువుగా, కారుతూ వచ్చాయి. కొత్తవి వేసి, కంప్యూటరు తగిలించి లెక్క సున్నా చేశాడు.

మాస్టారు తీసిన మెత్తల్ని పాత పేపరు మీద పెట్టించి, త్రాసు తెమ్మన్నారు. పొడి మెత్త బరువు తీసేశారు. మిగిలినదాన్ని కాట్రిడ్జిలో పట్టే గ్రాములతో భాగించారు. వచ్చిన అంకెను కాట్రిడ్జి ధరతో గుణించారు.

"అంటే నేను కొన్న ఇంకులో ఇంత ఇక్కడికా వచ్చింది?"

"బోర్డు దగ్గర ఆపేస్తున్నారా మాస్టారూ?" అనడిగాడు మెకానిక్. "అట్లా ఆపితే హెడ్డు ఎండుద్ది, మీరు క్లీనింగ్ కొడతారు. అదంతా దీంట్లోకే."

మాస్టారు పెద్దమ్మగారి వైపు చూశారు. ఆవిడ వంటింటి వైపు చూశారు. ఆ సాయంత్రం బోర్డు పక్కన ఓ కాగితం వెలిసింది: "ముందు ప్రింటరు మీట. దీపం ఆరాకే ఈ స్విచ్చు." మనవరాలు పెద్ద అక్షరాల్లో రంగుల్లో అచ్చు వేసిస్తానంది. ఆయన ఒప్పుకోలేదు, ఎర్ర బాల్‌పెన్నుతో రాశారు.