ఆయ్, రాగి బాయిలర్నండి!

మా పుట్టిల్లు తణుకు దగ్గర, పెరవలి మండలం అజ్జరం. ఇత్తడి, రాగి సామాన్లకి పేరుమోసిన ఊరు కదండీ, అక్కడ సుత్తి చప్పుడు వినకుండా తెల్లారదు. మెట్టినిల్లు కోనసీమలో, అంబాజీపేట పక్కన ఓ కొబ్బరితోట.

పైకి నేను గుండ్రటి బిందెలా కనిపిస్తాను గానీ, అసలు పనితనమంతా కడుపులో ఉంది. నడిమధ్యన నిలువునా ఓ గొట్టం. దాని అడుగున ఇనప ఊచలు, ఊచల కింద బూడిద రాలే ఖాళీ. గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. ఎండు కొబ్బరి డొక్కలు, మట్టల ముక్కలు పైనుంచి వేస్తే, కింది ఖాళీలోంచి గాలి లాక్కుని భగ్గున అంటుకుంటాయి. వేడిగాలి పైకి పోయేకొద్దీ కొత్తగాలి కిందనుంచి వస్తుంది. అందుకే ఈ ఇంటి మామ్మగారు నిప్పు రాజేసే ముందు బూడిద దులిపి తీరేవారు. ఎవరైనా బద్ధకించారా, నేను పొగ కక్కేదాన్ని. ధనుర్మాసం పొద్దుల్లో మా పొగకి పక్కింటివాళ్లు కూడా దగ్గేవారు. గరాటులో చెంబుడు చన్నీళ్లు పోస్తే, కొళాయిలోంచి చెంబుడు వేణ్ణీళ్లు దిగేవి. ఆ గరాటుకి మాత్రం మూత బిగించకూడదు. ఆవిరికి అదే దారి.

1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఎవరు మర్చిపోతారండీ! కొబ్బరిచెట్లు వరసకి వరస కూలిపోయాయి. మా దొడ్డి వసారా పెంకులు లేచిపోయాయి. కరెంటు సంగతి అడక్కండి. పిల్లలు చలికి వణుకుతున్నారని నన్ను సామాన్ల గదిలోకి మోసుకెళ్లి, జల్లు కొడుతోందని తలుపులూ కిటికీలూ బిగించేశారు. పొగ రాకుండా డొక్కలకి బదులు బొగ్గులు వేశారు. ఎర్రగా, నిమ్మళంగా కాలుతున్నాయి. కళ్లు మండటం లేదని అందరూ సంబరపడ్డారు. గాలి చాలనిచోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. నెత్తుట్లో ఆక్సిజన్ని మోసే హిమోగ్లోబిన్ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగైతే దగ్గించి చెబుతుంది, ఇది చెప్పదు. చిన్నపిల్లకి తలనొప్పన్నారు, తర్వాత వాంతి. పైత్యం చేసిందనుకున్నారు.

మామ్మగారు గదిలోకి వచ్చి, మందకొడిగా మూలుగుతున్న పిల్లనీ నన్నూ మార్చి మార్చి చూశారు. "తలుపులు తియ్యండెహె! ఊపిరాడుద్దా ఇందులో?" అంటూ పిల్లని చంకనేసుకుని వానలోకే నడిచారు. గంట గడిచాక గానీ పిల్ల తేరుకోలేదు. ఆ తర్వాత నేను మళ్లీ గడప దాటి లోపలికి వెళ్లలేదు.

కొన్నాళ్లకి పెంకుటిల్లు పోయి డాబా లేచింది. డొక్కలు ఏరేవాళ్లు లేక, అబ్బాయిగారు నా కడుపులో నీళ్ల వైపు కరెంటు కాయిల్ పెట్టించారు. 2,000 వాట్లది. కరెంటు మేస్త్రి వచ్చి ముందు ప్లగ్గు చూశాడు.

"ఏటండీ బాబూ, దీనికి రెండు కాళ్లేనా?"

"పనిచేస్తోంది కదయ్యా," అన్నారు అబ్బాయిగారు.

"మీరు పని చెయ్యాలి కదండీ!"

రాగి ఒళ్లు, తడి నేల, వట్టి కాళ్లు. కాయిల్ ఎక్కడైనా చిట్లితే కరెంటు నా ఒంట్లోకి, నన్ను ముట్టుకున్నవాళ్ల ఒంట్లోకి పాకుతుంది. దాన్ని నేలలోకి దింపేందుకే ప్లగ్గుకి మూడో కాలు, దానికో ఎర్త్ తీగ. పాత ఇంట్లో ఎర్త్ తీగని ఇనప నీళ్ల గొట్టానికి చుట్టేవారట. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పైపులాయె, చుట్టినా ఏం లాభం? మేస్త్రి గొయ్యి తవ్వి, గొట్టం దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వరసలుగా నింపాడు. స్నానాల నీళ్లు పారే అరటిపాదు దగ్గరైతే తేమ ఆరదని అతని లెక్క, ఉప్పుకి పిలకలు చచ్చిపోతాయని మామ్మగారి గోల. చివరికి రెండు బారలు ఎడంగా తవ్వాడు. ఆ రోజు గదిలో పిల్ల ప్రాణం మీదికి తెచ్చిన బొగ్గే, ఇప్పుడు గోతిలో నాకు కాపలా!

230 వోల్టుల మీద నేను 9 ఆంపియర్ల దాకా లాగుతాను. ఫ్యాన్లకి వాడే సాకెట్టులో గుచ్చితే అది నల్లబడి కరుగుతుంది. అందుకని బోర్డునుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగి, 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టాడు. ఎంసీబీ ఉందిగా అంటే, అది తీగని కాపాడుతుంది, మనిషిని కాదన్నాడు. మనిషి కోసం ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో కట్టేస్తుంది. దాని మీది టెస్ట్ బొత్తాం నెలకోసారి నొక్కమని మామ్మగారికే ఒప్పజెప్పాడు, అబ్బాయిగారిని నమ్మక. నీళ్లు నింపకుండా స్విచ్ వెయ్యకూడదు, ప్లగ్గు పీకకుండా కొళాయి ముట్టుకోకూడదు.

మొన్న మనవడు బాత్రూములో గ్యాస్ గీజరు పెడదామన్నాడు. కిటికీ లేని గది. మామ్మగారు వినలేదు. ఇద్దరికీ వాదన ముదిరి, మేస్త్రిని పిలిచారు. గీజరుకి వసారాలో నా పక్కనే మేకులు కొట్టాడు, వేణ్ణీళ్ల పైపు మాత్రం గోడలోంచి లోపలికి వెళ్లింది. సిలిండరు ఇంకా రాలేదు, స్నానాలు ప్రస్తుతానికి నా దగ్గరే.