సొంత లారీలో ఓనర్ని ముంచడం ఎలా?

పదేళ్లు ఒకరి లారీ తోలారు. డీజిల్లో ఎంత నొక్కాలో, పడని పంక్చరు ఎన్నిసార్లు రాయాలో, బాటా ఎలా సాగదీయాలో బాగా వంటబట్టింది. ఇప్పుడు ఫైనాన్సు మీద సొంతంగా పన్నెండు టైర్ల బండి తీసుకున్నారు. పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దింపి మీ ఆవిడా క్యాబిన్ ఎక్కింది. ఆకివీడులో చేపల లోడు, హౌరాలో దింపుడు. దారి పదకొండు పన్నెండొందల కిలోమీటర్లు. "ఇంక మీకేం, డ్రైవరు జీతం మిగిలె, క్లీనరు బాటా మిగిలె" అని ఊరంతా అంటోంది. ఆ మాటలు నమ్మి బాగుపడిపోకండి. ఓనరన్నాక ముంచాల్సిందే. ఆ ఓనరు మీరే అయితే మాత్రం, నేర్చిన విద్య వదులుకుంటారా? ఈ పది చిట్కాలు పాటించండి, ఫలితం గ్యారంటీ.

1. హెవీ లైసెన్సు బీరువాలో దాచండి.

లైట్ లైసెన్సు వచ్చాక ఏడాది ఆగి, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి ఆవిడ హెవీ లైసెన్సు తెచ్చుకుంది. డబుల్ డ్రైవరు ఉంటే బండి ఆగకుండా పోతుంది. అదే ప్రమాదం. తొందరగా చేరితే తొందరగా ఇంకో ట్రిప్పు నెత్తిన పడుతుంది. కాబట్టి లైసెన్సుని పట్టుచీరల కింద భద్రం చేయండి. మరీ తప్పకపోతే జెరాక్సు ఒకటి డ్యాష్‌బోర్డులో ఉంచండి. ఎవరైనా అడిగితే "మా ఆవిడ, తోడుకి వచ్చింది" అనండి. ఇచ్ఛాపురం దాటేదాకా స్టీరింగు ఆవిడ చేతికి ఇవ్వకండి. తెలిసినవాళ్లు చూస్తే పరువు పోదూ? ఒడిశాలోకి అడుగుపెట్టాక చూసేవాళ్లుండరు, అక్కడ ఇచ్చేసి వెనక్కి వాలండి.

2. నిద్రలో పెద్ద వాటా కొట్టేయండి.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో వచ్చింది. 2025లో రద్దయ్యేదాకా రోజుకి ఎనిమిది గంటల పని, ఏకబిగిన ఐదు గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి అనేది. దాన్ని తిరగేసి చదవండి. ఐదు గంటలు పడుకుని అరగంట తోలండి.

ఖుర్దా దగ్గర బంకులో రాత్రి రెండింటికి బండి ఆగుతుంది.

"ఏవండీ, మీ వంతు."

"ఇప్పుడేగదే కన్ను మూసింది."

"బరంపురం నుంచీ గురక పెడుతూనే ఉన్నారు."

"అది నడుం నొప్పికి మూలుగే."

ఆవిడా తక్కువది కాకూడదు. వెంటనే స్టీరింగు మీద తల ఆనించి తనూ పడుకోవాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి. మీది ఆ తర్వాతి బండైతే ఇంజను ఆపకండి, ఏసీ వేసుకోండి. డీజిల్ ఓనరుదేగా. వెనక తలుపు సందుల్లోంచి ఐసు నీళ్లు బొట్టు బొట్టుగా రోడ్డు మీద పడుతుంటాయి. లెక్కపెట్టండి, నిద్ర ఇంకా బాగా పడుతుంది.

3. మీ డీజిల్ మీరే దొంగిలించండి.

ట్యాంకులో పైపు దించి, నోటితో ఒక్క గుక్క లాగి డబ్బాలోకి వదలండి. ఇరవై లీటర్లు చాలు. రోడ్డు పక్క పాకలో కొనేవాడు దొరుకుతాడు. బంకు రేటు కన్నా పదో ఇరవయ్యో తగ్గించి ఇస్తాడు. ఆ డబ్బు ఆవిడకి చెప్పకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో ట్యాంకు ఎండితే ఆ పాకలోనే కొనుక్కోండి. తెలిసినవాళ్ల దగ్గర అతను కాస్త ఎక్కువే తీసుకుంటాడు. ఇన్ని లీటర్లు ఎలా తాగుతోందని ఓనరు అడిగితే, అంటే మీరు మిమ్మల్ని అడిగితే, "బండి మైలేజీ ఇవ్వట్లేదు" అని చెప్పుకోండి.

4. కూరకి లోడు చాలు.

వెనక అన్ని పెట్టెల బొచ్చె, శీలావతి పెట్టుకుని డాబాలో పప్పు కొనుక్కోవడం అవమానం. అన్నవరం కొండ దాటేదాకా మాత్రం ఆగండి. సత్యనారాయణస్వామి ప్రసాదం, విస్తరాకులో ఆ గోధుమరవ్వ ముద్ద, కళ్లకద్దుకుని తినండి. దొంగతనానికి ముందు మనసు తేలికపడుతుంది. తర్వాత తలుపు తీసి, పైవరస పెట్టెలో ఐసు పక్కకి గోకి, మూడు కిలోల శీలావతిని లాగండి. తీసిన చోట ఐసు మళ్లీ సర్దకండి, చేతులు కొంకర్లు పోతాయి. చింతపండు ఆవిడ సంచీలో ఉండనే ఉంది. పులుసు మరిగేదాకా తలుపు తెరిచే ఉంచండి, తల ముక్కలు చాలకపోతే ఇంకొకటి కావాలి కదా. హౌరాలో తూకం తగ్గిందని కిరాయిలో కోస్తే బాధపడకండి. అంత ఖరీదైన పులుసు ఈ దారిలో ఏ లారీవాడూ తిని ఉండడు.

5. టైర్లని కొట్టకండి, పాపం.

బండి ఆగిన ప్రతిసారీ రాడ్డు పట్టుకుని టైర్లన్నీ కొడుతూ ఒక చుట్టు తిరగడం పాతకాలపు క్లీనర్ల అలవాటు. గాలి ఉన్న టైరు ఖంగుమంటుంది, దిగినది దబ్బుమంటుంది. ఆ దబ్బు వినిపిస్తే జాకీ తీయాలి, వీల్ స్పానరు తీయాలి, ఒళ్లు వంచాలి. వినకపోతే ఏ బాధా లేదు. ఇద్దరూ ఎదుటివాళ్లు చూసి ఉంటారని గట్టిగా నమ్మండి. దాంపత్యానికి నమ్మకమే పునాది. స్టెప్నీలో గాలి ఉందా లేదా అనేది కూడా ఆ నమ్మకానికే వదిలేయండి.

6. ఆవిణ్ణి నీళ్లు తాగనివ్వకండి.

ఆడమనిషి బండిలో ఉంటే బాత్రూం కోసం ఆపాల్సి వస్తుంది. బంకుల్లో బాత్రూం ఉండాలన్నది రూలే. తలుపుకి తాళం ఉంటుంది, తాళంచెవి ఉన్న మనిషి టీకి వెళ్లి ఉంటాడు. అతని కోసం వెతకడం మగాడు చేసే పనా? "ముందు బంకులో ఆపుతా" అనండి. ముందు బంకులోనూ అదే మాట అనండి. రెండు ట్రిప్పులకి ఆవిడే సీసా మూత తీయడం మానేస్తుంది. మూడో ట్రిప్పుకి జ్వరం, మూత్రంలో మంట. ఆస్పత్రి బిల్లు ఒక కిస్తీ అంత వస్తుంది. ఐదు నిమిషాలు ఆదా చేశారు కదా, అది మర్చిపోకండి.

7. సాకులు ముందే మాట్లాడుకోకండి.

హౌరాలో చేపల పాట తెల్లవారుజామునే మొదలవుతుంది. ఆ వేళకి మీరు బాలాసోర్ దగ్గర పళ్లు తోముకుంటూ ఉంటారు. వ్యాపారి రెండు ఫోన్లకీ చేస్తాడు. ఇద్దరూ చెరో కథ చెప్పండి. ఆయన "భద్రక్‌లో ట్రాఫిక్ జామండీ" అనాలి. ఆవిడ అదే నిమిషంలో "ఆయనకి వాంతులు, ఖరగ్‌పూర్ ఆస్పత్రిలో ఉన్నాం" అనాలి. తుపాను సాకు ఎండాకాలం మధ్యాహ్నం వాడితే కొత్తగా ఉంటుంది. మేనత్తని చంపేటప్పుడు మాత్రం కిందటి ట్రిప్పులో చంపలేదని చూసుకోండి.

ఒక్కటే చిక్కు, ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి అన్ని వాహనాలకీ తప్పనిసరి చేశారు. మడపాం గేటు ఎన్నింటికి దాటారో ఠక్కున మెసేజి వస్తుంది. అందులో డబ్బు వేయకుండా వదిలేయండి, గేటు దగ్గర టోలు ఎక్కువే కట్టండి. ఎక్కడ పడుకున్నారో ఎవరికీ తెలియకుండా ఉండటానికి ఆ మాత్రం ఖర్చు తప్పదు.

8. రిటర్న్ లోడుని విహారయాత్ర చేయండి.

చేపలకి లేని తీరిక తిరుగు సరుకుకి ఉంటుంది. ఈ-వే బిల్లు రెండొందల కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన చెల్లుతుంది. కలకత్తా నుంచి ఆకివీడుకి ఆరు రోజులు. ప్రభుత్వమే ఆరు రోజులు ఇస్తే రెండు రోజుల్లో రావడం ప్రభుత్వాన్ని అగౌరవపరచడం. చిల్కా ఒడ్డున ఒక పూట, పలాసలో జీడిపప్పు బేరానికి ఒక పూట. గడువు దాటబోతుంటే పొడిగించుకోవచ్చు. ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి ముగిశాక ఎనిమిది గంటల దాకా వీలుంది. ఆ పదహారు గంటలూ ఫోను చార్జింగు లేకుండా చూసుకోండి.

9. లెక్క పుస్తకాలు రెండు పెట్టండి.

ఆయన పుస్తకంలో పోలీసు మామూళ్లు, గ్రీజు, పంక్చర్లు. ఆవిడ పుస్తకంలో బియ్యం, గ్యాసు, మందులు. రెండింట్లోనూ జరగని ఖర్చులే ఉండాలి. ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదు. ఆయన జేబులో దాచింది పేకాటకి, ఆవిడ పోపుల డబ్బాలో దాచింది పుట్టింటి చీటీకి. నెలాఖరున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, "ఈ లారీ మీద ఏం మిగలట్లేదు" అని ఒక్క గొంతుతో చెప్పుకోండి. ప్రయాణం మొత్తమ్మీద మీరిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చే సమయం అదొక్కటే.

10. కిస్తీ తేదీన ఫోను ఆపేయండి.

మొదటి నెల అమ్మాయి గొంతు వస్తుంది, మర్యాదగా మాట్లాడుతుంది. రెండో నెల మగ గొంతు. మూడో నెల గొంతులుండవు, ఇంటి ముందు మోటారు సైకిళ్లుంటాయి. తాళంచెవి ఇచ్చేయండి. బండి ఫైనాన్సు యార్డుకి పోతుంది. నిమ్మకాయా మిరపకాయలూ బంపరుకి వేలాడుతూనే ఉంటాయి. చేపల వాసన ఏ యార్డులో ఉన్నా మీ బండిని గుర్తుపట్టేలా చేస్తుంది.

ఇక విజయం. ఓనరు నిలువునా మునిగాడు. పదేళ్లుగా ఏ ఓనర్నీ మీరింత పూర్తిగా ముంచలేకపోయారు. యార్డులో కాపలాకి మనుషులు కావాలంటారు, ఇద్దరూ వెళ్లి అడగండి. ఆయనకి రాత్రి డ్యూటీ, ఆవిడకి పగటి డ్యూటీ ఇస్తారు. ఒకరు పడుకున్నప్పుడు ఒకరు మేలుకుని ఆ లారీని కాస్తారు. రోడ్డు మీద ఉండగా ఒక్క ట్రిప్పు అలా చేసి ఉంటే బండి ఇంటి ముందే ఉండేది. సరే, అవన్నీ ఇప్పుడెందుకు? యార్డుకీ ఒక ఓనరున్నాడు. మొదటి చిట్కా నుంచి మళ్లీ చదువుకోండి.